మద్దిమాను మీద మూడునాళ్ళ ఇల్లు

గుర్రం పోయింది. ఏడుకొమ్ముల అడవి అంచున నేల నోరు తెరిచి దాని నాలుగు కాళ్ళనూ మింగేసింది. చంద్రశిల యువరాజు శరభసేనుడు జీను మీంచి ఎగిరి, రాజపుత్రి నీలోత్పలను భుజానికెత్తుకుని, బండ మీంచి బండ మీదికి దూకుతూ అడవిలో పడ్డాడు. లోపల ఎండుటాకులు మోకాలి లోతున ఉన్నాయి. అక్కడ ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. ఆకుల మీద నడిస్తే అడుగు ముద్ర పడదు. ముద్ర లేని చోట మట్టిమాంత్రికుడు ధూళికేశుడు గుడ్డివాడు.

కుసుమావతి రాజపుత్రి తనను పెళ్ళాడనన్నదని ధూళికేశుడు ఆమె పాదాలను మట్టి చేశాడు. వేళ్ళు లేవు, గోళ్ళు లేవు. చీలమండల దాకా రెండు ఎర్రటి ముద్దలు. మన్ను తగిలిన ప్రతిసారీ ఆ మట్టి జానెడు పైకి పాకుతుంది. గుండెను చేరిన నాడు ఆమె బొమ్మ. మృగశిర కార్తె తొలి చినుకు ఆ పాదాల మీద పడితే శాపం కరిగిపోతుంది. ఇంకా రోహిణి మూడు రోజులుంది. ఆ మూడు రోజులూ ఆమెకు నేల తగలకూడదు.

బయట రోహిణి ఎండకు రోళ్ళు పగులుతున్నా, ఆ అడవిలో మాత్రం బావిలో ఉన్నంత చల్లగా ఉంది. వేగిసమాన్లు స్తంభాల్లా నిలిచాయి. వాటి నడుమ అడ్డతీగలు తోరణాల్లా వేలాడుతున్నాయి. రాలిన నేరేడు పళ్ళతో బండలు ఊదారంగు పులుముకున్నాయి. పైన, ఆకుల సందుల్లోంచి దిగిన ఎండ బంగారు నాణేల్లా వెదజల్లుకుంది. ఏ రాజూ కట్టించలేని సభామండపం అది. ఏ రాజుకూ తల వంచనిది కూడా.

"ఎవురయ్యా ఆడ? ఆడమనిషిని మూటలాగ మోస్తన్నావు?"

గొంతు పైనుంచి వచ్చింది. ఒక ముసలావిడ అడ్డతీగ నార ఒలుస్తూ కొమ్మ మీద కూర్చుంది. మునక్కాయ లాంటి మనిషి. డెబ్బై ఏళ్ళుంటాయి. బల్లిలా జరజరా దిగి వచ్చింది. ఆమె పేరు ఈరమ్మ. ఆ చుట్టుపక్కల చేలల్లో పిట్టలు తోలే మంచెలన్నీ ఆమె కట్టినవే.

"కుమ్మరివాణ్ణి అవ్వా. ఇది మా చెల్లెలు. కాళ్ళ జబ్బు. మృగశిర దాకా కాలు కింద పెట్టకూడదన్నాడు వైద్యుడు," అన్నాడు శరభసేనుడు.

ఈరమ్మ అతని అరచెయ్యి లాక్కుని చూసింది.

"కాయ కాయని కుమ్మరోణ్ణి ఈ పొద్దే చూస్తన్నా. ఈ చేతిలో వెన్నముద్ద పెట్టినా కందిపోద్ది." తర్వాత నీలోత్పల పాదాల వైపు చూసింది. "ఈ జబ్బు అంటించిన వైద్యుడి పేరు ధూళికేశుడు కాదూ?"

శరభసేనుడు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"వాడి చెదలే మా ముసలాయన మంచెను తిన్నాయి. వాడి సంగతి నాకు చెప్పబాకండి. నేల మీద బతకలేని మనిషికి చెట్టు మీద ఇల్లు కావాల. కట్టగలవా?"

"కొమ్మ మీద కూర్చుంటే చాలదా?"

"రోహిణి సుడిగాలి దుమ్ము మోసుకొస్తది. దుమ్ము మట్టి కాదా? నాలుగు పక్కలా తడిక, కింద అరుగు, పైన కప్పు. ఏం, ఎప్పుడూ కట్టలేదా?"

"మూడు కోటలు కట్టించాను," అన్నాడతను, మాట జారి.

"కుమ్మరోడివి, మూడు కోటలు కట్టించావు." ఈరమ్మ నవ్వలేదు. "కట్టించినోడు వేరు నాయనా, కట్టినోడు వేరు. రోజులు మూడు. చేతులు నాలుగు. అందులో రెండు పనికిరానివి."

"మరి నా చేతులో?" అంది నీలోత్పల.

"నీ కాళ్ళే గదా మట్టి. చేతులకేమొచ్చింది? నార పేను."

శరభసేనుడు తన పైపంచెను ఒక కొమ్మకు ఉయ్యాలలా కట్టి ఆమెను అందులో కూర్చోబెట్టాడు. ఆ క్షణం నుంచి ఆమె వేళ్ళు ఆగలేదు.

ముందు చెట్టును ఎంచాలి. శరభసేనుడు బూరుగును చూపించాడు. అది నిటారుగా, నిండుగా, ధ్వజస్తంభంలా ఉంది.

"బూరుగు కొమ్మ కొత్తల్లుడి లాంటిది. చూడ్డానికి దిట్టంగా ఉంటది. బరువు పెట్టావా, అలిగి విరుగుద్ది," అని ఈరమ్మ అతన్ని లోపలికి తీసుకుపోయింది. రాజపుత్రి ఉయ్యాల కూడా అక్కడికే మారింది.

అక్కడ ఉంది నల్లమద్ది. నలుగురు చేతులు చాచినా కౌగిలికి అందని మాను. బెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలి ఉంది. నేల నుంచి అయిదు బారల ఎత్తున మూడు కొమ్మలు మూడు దిక్కులకు చాచుకుని, తల మీద బిందెలెత్తుకున్న ముగ్గురు అక్కచెల్లెళ్ళలా నిలిచి ఉన్నాయి. అడవి అంతా ఎండి గలగలమంటుంటే దాని ఆకు ఒక్కటి కూడా వాడలేదు. వానాకాలపు నీళ్ళను బోదెలో దాచుకుని, ఎండాకాలం పొదుపుగా తాగే చెట్టు అది. మనిషికి లేని బుద్ధి.

"ఎక్కనా?" అన్నాడతను.

"కూర్చో. గాలి వచ్చినప్పుడు ఏ కొమ్మ ఎటు పోతదో చూడు."

పొద్దున కూర్చున్నవాడు మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. మొదట ఏమీ కనబడలేదు. తర్వాత తూర్పు కొమ్మ జానెడు ఊగుతోందని తెలిసింది. పడమటి కొమ్మ కదలడం లేదు. ఉత్తరపు కొమ్మ గాలి పోయాక, ఏదో గుర్తొచ్చినట్టు, ఆలస్యంగా ఊగుతోంది. యుద్ధానికి ముందు శత్రువు సేనను కూడా అతను అంత శ్రద్ధగా చూడలేదు. చూసేకొద్దీ ఆ మాను మీద భక్తి కలిగింది.

భక్తి కలిగింది గాని బుద్ధి రాలేదు. ఇంటి రూపం మనసులో మెరవగానే ఆగలేక, కాలితో ఆకులు పక్కకు నెట్టి, పుల్లతో నేల మీద గీశాడు. ఇక్కడ దూలం, ఇక్కడ వాసం, ఇక్కడ తలుపు.

నేల చదివింది.

గీతల మధ్యనుంచి ఎర్రటి సుడి లేచింది. చెయ్యెత్తు, మనిషెత్తు, చెట్టెత్తు అయింది. బుసలు కొడుతూ ఉయ్యాల వైపు తిరిగింది. శరభసేనుడు ఒక్క దూకులో వెళ్ళి రాజపుత్రి మీద కవచంలా పడ్డాడు. వీపు మీద దుమ్ము కొరడాలా తగిలింది. ఈరమ్మ రెండు చేతులా ఆకులు ఎత్తిపోసి గీతలను కప్పేసింది. సుడి తల తెగిన పాములా కూలింది. కాని అప్పటికే పిడికెడు దుమ్ము ఉయ్యాలలో పడింది. నీలోత్పల పెదవి కొరుక్కుంది. మట్టి ఆమె పిక్కల దాకా వచ్చింది.

ఈరమ్మ అతన్ని తిట్టలేదు. పక్కకు తిరిగి ఉమ్మింది.

"నువ్వు గీసింది ఇల్లు కాదు. చిరునామా. రేపో ఎల్లుండో వాడి దండు వస్తది. వాడి దండులో గుర్రాలుండవు. చెదలుంటాయి."

ఒక వెడల్పాటి అడ్డాకు మీద బొగ్గుతో ఆమే గీసింది. మూడు కొమ్మల మీద మూడు దూలాలు, వాటి మీద వెదుళ్ళ అరుగు, బోదె చుట్టూ జానెడు సందు.

"చెట్టు ఊగాల, ఇల్లూ ఊగాల. ఒకదాన్నొకటి గుద్దుకోగూడదు. ఇంకొకటి చెప్తా, చెవిలో వేసుకో. చీల కొట్టబాక. కొట్టింది చెట్టుదవుద్ది, కట్టింది మనదవుద్ది. కట్టు మీద నల్లజీడి నూనె పూస్తా. చెద ఆ నూనె దాటదు. చీల కొడితే మాను లోపల్నుంచే దారి చేసుకుంటది. మా ముసలాయన ఒక్క చీల కొట్టాడు. ఒక్కటే."

రెండో రోజు తెల్లారగానే వెదురు కొట్టడానికి వెళ్ళాడు. అయిదు బారల గడలు ఆరు తెమ్మంది ఈరమ్మ. రొప్పుతూ తెచ్చి పడేశాడు. ఆమె ఒక్కొక్కదాని వెంబడీ తన చేతులు చాచి కొలుచుకుంటూ పోయింది. ప్రతి గడా మూరన్నర ఎక్కువ.

"ఎవురి బారతో కొలిచావు?"

"నా బారతోనే."

"నీది తాడిచెట్టు బార. చెప్పినోళ్ళ బారతో కొలవాల. నరుకు మళ్ళీ."

ఆరూ మళ్ళీ నరికాడు. బాడిసతో దూలాలు చెక్కాడు. కత్తిపట్టుకు తప్ప దేనికీ అలవాటు లేని అరచేతులు పొంగి, చితికి, రక్తం కారాయి. ఆపలేదు. మధ్యాహ్నానికి బాడిస అతని మాట వినడం మొదలుపెట్టింది. చెక్కిన దూలం మీద ఈరమ్మ వేలు పెట్టి రాసి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. ఆమె ఏమీ అనకపోవడం ఎంత గొప్పో అప్పటికి అతనికి తెలిసింది.

ముడి మాత్రం లొంగలేదు. కట్టిన ప్రతిసారీ జారింది.

"నీ ముడి రాజుగారి మాట లాగుంది. వేసినంతసేపు నిలబడదు," అంది ఈరమ్మ.

యువరాజు చెవులు ఎర్రబడ్డాయి.

"అన్నయ్యా, చివరను కింద నుంచి తెచ్చి దాని నడుము కిందే దూర్చు. ఇటు చూడు," అంది నీలోత్పల ఉయ్యాలలోంచి, అబద్ధానికి కలిపిన వరసను వదలకుండా. అప్పటికి ఆమె ఇరవై బారల తాడు పేనింది. వేళ్ళ కొసలు చిట్లాయి. కాళ్ళు బండలై వేలాడుతున్నా ముఖంలో ఒక్క గీత లేదు. కుసుమావతిలో ఆమె పల్లకీ మోయడానికి పన్నెండుమంది ఉండేవారట. ఆ పన్నెండుమంది ఓపికా ఆమె వేళ్ళలోకి వచ్చినట్టుంది.

"ఇంత తాడు ఎందుకు? ఎక్కువైంది," అన్నాడతను.

"ఎక్కువైతే చుట్టి పెట్టుకుంటాం. తక్కువైతే నీ మీసం అతికిస్తావా?"

ఆమె చూపినట్టు కట్టాడు. ముడి నిలిచింది. మళ్ళీ కట్టాడు. మళ్ళీ నిలిచింది. తూర్పు దూలం, పడమటి దూలం గట్టిగా కూర్చున్నాయి. ఉత్తరపు దూలం దగ్గర, ఆ ఆలస్యంగా ఊగే కొమ్మ మొదట్లో, కట్టు నాలుగుసార్లు జారింది. ఈరమ్మ నల్లజీడి గింజలకు వెళ్ళింది. పొద్దు వాలుతోంది. శరభసేనుడు అటూ ఇటూ చూశాడు. చండ్రకొయ్య చీల ఒకటి చెక్కి, దూలం లోంచి బోదెలోకి దిగగొట్టాడు. దాని మీద నార చుట్టి కప్పేశాడు.

మూడు దెబ్బలు పట్టింది. చేతకాక చేసిన తప్పుకు క్షమాపణ ఉంటుంది. కప్పిపెట్టిన తప్పుకు ఉండదు.

మూడో రోజు మధ్యాహ్నానికి ఇల్లు లేచింది. వెదురు తడికలు చాప అల్లికలా బిగిశాయి. రెల్లుకప్పు కొత్త తేనెరంగులో మెరిసింది. బోదె ఇంటి నడుమనుంచి, గుడిలో మూలవిరాట్టులా, పైకి సాగిపోయింది. గాలి వచ్చినప్పుడు ఇల్లు పాపాయి ఊయలలా కిర్రుమని, మళ్ళీ కుదురుకుంది. ఒక మూల వంకర. తలుపు ఒకవైపు పొట్టి. అయినా ఇల్లే. చిలకల జంట ఒకటి అప్పుడే కప్పు మీద వాలి తగువులాడుకుంటోంది.

శరభసేనుడు రాజపుత్రిని నిచ్చెన మీదుగా లోపలికి మోసుకుపోయాడు. ఈరమ్మ అరుగు మీద కాలితో తన్ని చూసింది. కట్లన్నింటికీ నల్లగా నూనె పూసింది. నిచ్చెన పైకి లాగేసింది. అప్పుడు అంది.

"ఇల్లు లాగే ఉంది."

చంద్రశిలలో తనకు యువరాజ పట్టం కట్టిన నాడు వెయ్యిమంది జేజేలు కొట్టారు. ఆ వెయ్యి కలిపినా ఈ ఒక్క మాటకు సరితూగదని అతనికి అనిపించింది.

పడమట మబ్బు పట్టింది. కాకినలుపు మబ్బు. దాని కింద మెరుపు నాలుక చాచింది. ఇంకొక ఘడియలో మృగశిర ప్రవేశం. కాని వానకు ముందు గాలి వచ్చింది. అడవి నేల మీది ఎండుటాకులన్నీ ఒక్కసారిగా లేచి, పక్షుల గుంపులా ఎగిరిపోయాయి. కింద మన్ను బట్టబయలైంది.

ఆ మన్ను కదిలింది. లక్షలు, కోట్లు. తెల్లటి తలలు, ఎర్రటి దవడలు. చెదలు మద్దిమాను మొదలును చుట్టుకుని, మట్టి సొరంగాలు కట్టుకుంటూ పాకాయి. బోదె మీద నరాలు ఉబ్బినట్టు ఎర్రటి గీతలు పైకి, పైకి వచ్చాయి. మొదటి కట్టు దగ్గరకు వచ్చి నూనె వాసన తగిలి ఆగాయి. పక్కకు తిరిగాయి. అక్కడా నూనె. వెనక్కి మళ్ళాయి.

"రా, రా. నాకి చూడు," అంది ఈరమ్మ కిందికి చూస్తూ. ఆమె నవ్వడం అతను చూడడం అదే మొదలు.

"అన్నయ్యా, ఈ ఉత్తరం మూల అరుగులోంచి ఎర్రటి గీత ఒకటి వస్తోంది," అంది నీలోత్పల. కాళ్ళు దగ్గరకు లాక్కుంది.

ఈరమ్మ నవ్వు ఆగిపోయింది. యువరాజు ముఖం చూసింది. అడగాల్సినది అడిగింది.

"ఎన్ని కొట్టావు?"

"ఒక్కటే."

"మా ముసలాయనా ఇదే మాట అన్నాడు."

గీత వేలెడు, బెత్తెడు సాగింది. రాజపుత్రి మూలకు జరిగింది. ఇక జరగడానికి చోటు లేదు. శరభసేనుడు తాడు చుట్ట అందుకుని ఒక కొస నడుముకు, ఒక కొస తూర్పు దూలానికి కట్టాడు. రెండూ అతను నేర్చుకున్న ముడులే.

"చీల పీకాలి. కిందనుంచే అందుతుంది," అన్నాడు.

"పీకితే దూలం జారుద్ది," అంది ఈరమ్మ.

"జారదు. కట్టు నేను పట్టుకుంటాను," అని నీలోత్పల మోకాళ్ళ మీద పాకి వచ్చి, ఉత్తరపు దూలం నార కొసలను రెండు చేతులకూ చుట్టుకుంది. చెదల గీతకూ ఆమె పాదానికీ మధ్య జానెడు ఎడం. "త్వరగా అన్నయ్యా. నా చేతులు ఇంకా మట్టి కాలేదు, నొప్పి పెడతాయి."

"నాలుగు బారలే వదులు. మిగిలింది దూలానికి చుట్టు. కాలు నేలకి మూరెడు ఎడంలో ఆగుద్ది," అంది ఈరమ్మ.

అతను నాలుగు బారలు వదిలి, మిగతాది దూలానికి చుట్టి, బాడిస పళ్ళ మధ్య పట్టుకుని దిగాడు. ఉత్తరపు దూలం కింద గబ్బిలంలా వేలాడాడు. చెదలు అతని మెడ మీద, రెప్పల మీద పాకాయి. బాడిస మొనను చీల పక్కన చొప్పించాడు. ఒక పట్టు పట్టాడు. రాలేదు. రెండో పట్టు. కిర్రుమంది. మూడో పట్టుకు చీల ఊడింది.

చీల వెనకే నీళ్ళు వచ్చాయి. పోయిన శ్రావణం నుంచి మాను దాచుకున్న నీళ్ళు, చల్లటి నీళ్ళు, ఏనుగు తొండంతో చిమ్మినట్టు చిమ్మాయి. బోదె మీది సొరంగాలన్నీ కరిగి, చెదలు కుప్పలు కుప్పలుగా కిందికి కొట్టుకుపోయాయి. అరుగు మీది గీత తల్లివేరు తెగిన తీగలా ఎండి రాలింది. తనకు గుచ్చిన మేకు పీకినందుకు ఆ చెట్టు అంత ఇచ్చింది.

ఆ నీటి దెబ్బకే శరభసేనుడి పట్టు జారింది. పడ్డాడు. తాడు ఆపుతుందని కళ్ళు మూసుకోలేదు.

ఆపింది. కాని నాలుగు బారలు అతను తన బారతో కొలిచాడు. రెండు పాదాలూ తడి మన్ను మీద ఆనాయి. రెండు ముద్రలు పడ్డాయి.

నేల నవ్వింది. చీలమండలు పట్టుకుని లాగింది. మోకాళ్ళు, నడుము, గుండెలు. పైన దూలానికి చుట్టిన తాడు చుట్టు తర్వాత చుట్టు విప్పుకుంటూ కిందికి పరుగెత్తింది. "ముడి చూడు, ముడి చూడు," అని ఈరమ్మ అరవడం వినిపించింది. తర్వాత మన్ను చెవుల్ని మూసేసింది.

పడుతూ పడుతూ ఒక్క కుదుపుతో ఆగాడు. నడుము తెగినంత నొప్పి. తాడు బిగుసుకుని నిలిచింది.

ముడి జారలేదు.

కళ్ళలో మన్ను తుడుచుకుని చూశాడు. గుహ. రాజసభ అంత గుహ. ఎర్రటి దీపాల వెలుగులో వరసలు వరసలుగా మట్టిబొమ్మలు నిలబడి ఉన్నాయి. ఒక్కొక్కరూ ఒక్కో దేశపు రాజపుత్రి. అందరి చివర రెండు ఖాళీ పీఠాలు. ఒకటి చిన్నది. ఒకటి అప్పుడే తడి తడిగా చేసినది.

"దిగు యువరాజా, నీకూ ఒకటి వేయించాను," అంది చీకటిలోంచి ధూళికేశుడి గొంతు.

శరభసేనుడు తాడు పట్టుకుని వేలాడుతూ బాడిస కోసం తడిమాడు. అది పైన చెట్టు దగ్గరే పడిపోయింది. చేతిలో ఏమీ లేదు.

తాడు కదిలింది. ఒకసారి. మళ్ళీ ఒకసారి. ఎవరో దిగుతున్నారు. పైనుంచి ఒక వానచినుకు అతని నుదుటి మీద పడింది. తర్వాత ఒక పాదం భుజం మీద ఆనింది. తడి పాదం. వెచ్చటి పాదం. అయిదు వేళ్ళూ, అయిదు గోళ్ళూ ఉన్న పాదం.

"జరుగు అన్నయ్యా," అంది నీలోత్పల. నోట్లో బాడిస పట్టుకుని ఉండడంతో మాట ముద్దగా వచ్చింది. దాన్ని తీసి అతని చేతికిచ్చింది. "నిన్న తాడు ఎక్కువైందన్నావు."

కింద, వరసలో మొదటి బొమ్మ తల తిప్పి వాళ్ళ వైపు చూసింది.